ఎర్రసిరా కింద పేరా

గోపన్‌పల్లి,
జూన్ 11, 2025, బుధవారం.

పెద్దనాయనకు, మీ గొంతుకు బదులుగా ఇప్పుడు మాట్లాడుతున్న ఆ నల్ల పలకకు కూడా, నమస్కారాలు.

ఈ రోజు మొదటి ఆశ్చర్యం పొద్దున్నే జరిగింది. పెంటయ్య తాత నా రాతను పదిమందిలో గట్టిగా చదివాడు. చదివి, మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి చదివాడు.

వాటర్ ట్యాంకు పక్కన కాలనీ సంఘం గది ఉంది. మా కాలేజీ శ్రీనివాసరావు సార్ నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. పెంటయ్య తాత ఆ సంఘానికి పెద్ద. అద్దాలు ముక్కు చివరికి దించుకుని చదువుతూ, "ఖాళీగా ఉంచిన గది రేపు వచ్చే చుట్టానికి చేసే గౌరవం" అన్న వాక్యం దగ్గర ఆగాడు. "గిది ఎవరు రాసిండ్రు?" అన్నాడు. సార్ నన్ను చూపించారు. "నువ్వేనా బిడ్డా? గిట్ల చెప్తె మాకెందుకు సమజ్ గాదు. ఇగ నువ్వు చెప్పినదే కొందాం" అన్నాడు. ఆ వాక్యం సగం మీదే అని నేను అక్కడ చెప్పలేదు. చప్పట్లు కొట్టారు. సంతోషం రావడానికి ముందు ఇంకేదో వచ్చింది నాకు, పెళ్ళికి పరాయివాళ్ళ నగ పెట్టుకుని వెళ్ళినట్టు.

సంగతి మీకు తెలిసిందే అయినా మళ్ళీ చెప్తాను. చెప్పడం నాకిప్పుడు ఇష్టం. వానాకాలంలో ఈ కాలనీ కింది గల్లీల్లోకి నీళ్ళొస్తాయి. ఎంత వాన పడితే ఏ గల్లీలో ఎంత నిలుస్తుందో ముందే లెక్క కట్టాలని సార్ పట్టుదల. ఆయన సివిల్ ఇంజినీరింగ్ సార్. నీళ్ళ సంగతి బాగా తెలుసు, కంప్యూటర్ లోపలి సంగతి మాకు వదిలేశారు. ఒక్క కంప్యూటర్ ఆ లెక్క చేస్తూ కూర్చుంటే వాన వచ్చి వెళ్ళిపోతుంది. అందుకని కాలనీ పటాన్ని ఎనిమిది ముక్కలు చేసి ఎనిమిది కంప్యూటర్లకు పంచాం. హైటెక్ సిటీలో ఒక కంపెనీ ఆఫీసు మారుతూ ఇచ్చేసిన పాత మిషన్లు అవి. ప్రతి ఒక్కటీ తన ముక్క చూసుకుని, పొలిమేరలో ఎంత నీరు దాటిందో పక్కవాటికి చెప్పాలి. అందరూ చెప్పేదాకా ఎవరూ తర్వాతి అడుగు వెయ్యరు. మన ఊళ్ళో బంతి భోజనం లాగే, చివరివాడు ముద్ద మింగేదాకా ఎవరూ లేవకూడదు.

వాటిలో మెమరీ చాలలేదు. కొనిస్తామని సంఘం ముందుకొచ్చింది. మెమరీ అంటే జానెడుకు తక్కువగా ఉండే పచ్చటి పట్టీ. ఒక్కో కంప్యూటర్‌కు పెద్ద పట్టీ ఒకటి కొనాలా, అందులో సగం సగం ఉండే చిన్న పట్టీలు రెండు కొనాలా అన్నది ప్రశ్న. చోటు ఎలా చూసినా అంతే. ఒకటి కొంటే పక్క గాడి ఖాళీగా ఉంటుంది, ముందుముందు ఇంకొకటి చేర్చుకోవచ్చు. నేను ఒకటే చాలని రాశాను. పెద్దలు చదవాలి కాబట్టి తెలుగులో రాయమన్నారు సార్. అందుకే మీకు పంపాను. మీరు ఎర్రసిరాతో దిద్దిన కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. మీరు కొట్టేసిన పేరా లేకపోవడం వల్లే పెంటయ్య తాత ఎక్కడా తట్టుకోకుండా చదివాడు. అదే, తేజ పరీక్ష చేసి చూసిన సంగతి. తేజ నా క్లాస్‌మేట్. వాళ్ళది భీమవరం వైపు, ఇప్పుడు కొత్తగూడలో ఉంటారు. మిషన్లు విప్పడం, బిగించడం అంతా అతని చేతి పని.

పెద్దమ్మకు చెప్పండి, ఆమె పంపిన కందిపొడి హాస్టల్‌లో రెండు గదులు తిరిగొచ్చింది.

దిద్దించుకోవడం మరిగిన
హర్షిణి

*

తాండూరు,
జూన్ 15, ఆదివారం.

బిడ్డా హర్షిణీ, అక్షరమే ఆస్తిగా వర్ధిల్లు.

నీ ఉత్తరంలో ఈసారి తప్పులు వెతికితే గాని దొరకలేదు. దొరికినవి ఎర్రసిరాతో గుర్తు పెట్టి పంపుతున్నాను. బాధపడకు. గొంతు తీసేసిన డాక్టరు చేతులు నాకు వదిలిపెట్టాడు, వాటికి ఏదో పని ఉండాలి కదా. మీ పెద్దమ్మ ఏమందో తెలుసా? "నోరు పోయినా నీ పంతులుతనం పోలె. పెండ్లి పత్రిక వస్తె గూడ దిద్దుతవ్" అంది. నిజమే. మొన్న వచ్చిన పత్రికలో నాలుగు తప్పులున్నాయి.

చుట్టం గది వాక్యాన్ని పలక మీద రాసి గ్రంథాలయంలో మిత్రులకు చూపించాను. నలుగురూ తల ఊపారు. ముప్పై ఏళ్ళు బడిలో అరిచి చెప్పిన దానికంటే ఈ పలక మీద రాసింది ఎక్కువమంది వింటున్నారు. మనుషులు విచిత్రం.

ఆ పేరా ఎందుకు కొట్టేశానో చెప్తాను, నేర్చుకో. ఒప్పించాల్సిన చోట అనుమానం పెట్టడం పాయసంలో రాయి వెయ్యడం. "అయితే తేజ ఒక మిషన్‌లో రెండు పట్టీలు వేసి చూడగా" అని నువ్వు మొదలుపెట్టగానే నా అడుగు తడబడింది. ఆ మాటలు గరుకుగా ఉన్నాయి, దారికి అడ్డంగా ఉన్నాయి. అవి తీసేశాక మిగతాదంతా ఏరులా పారింది.

ఒక్కటే అడుగుతాను. ఆ అబ్బాయి పేరా తీసేసిన సంగతి అతనికి చెప్పావు కదా? చెప్పే ఉంటావు, నీ సంగతి నాకు తెలియదా.

పలక తుడిచి ఈ పెన్ను పట్టిన
మీ పెద్దనాయన

*

గోపన్‌పల్లి,
జూన్ 21, శనివారం.

పెద్దనాయనకు, ఎనిమిది పచ్చటి పట్టీల మధ్య కూర్చుని రాస్తున్నాను.

మెమరీ వచ్చింది. ఒక్కో పట్టీ ఒక్కో చిన్న డబ్బాలో, పుట్టిన బిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి పంపారు. తేజ వాటిని పట్టుకునే తీరు మీరు చూడాలి. ముందు మిషన్ ఇనప ఒంటిని ఒకసారి ముట్టుకుంటాడు, చేతిలో కరెంటు చురుకు ఉంటే దిగిపోవాలని. తర్వాత పట్టీని అంచులు మాత్రమే పట్టి, గాడిలో నిలబెట్టి, రెండు బొటనవేళ్ళతో నొక్కుతాడు. టక్కున శబ్దం వస్తుంది. ఆ శబ్దానికి తెలుగులో మాట ఉందా? 'కూర్చుంది' అంటే సరిపోతుందా?

మీరు అడిగినదానికి జవాబు: చెప్పాననే అనుకోండి. డబ్బాలు విప్పగానే తేజ అడిగాడు.

"అదేంటి, ఒక్కొక్కటే వచ్చాయి? నా పేరా చదివాక కూడా ఒక్కటే చాలన్నారా వాళ్ళు?"

"పెద్దవాళ్ళు ఒక్కదానికే మొగ్గారు" అన్నాను.

"సరే. వాళ్ళు కొంటున్నారు, వాళ్ళ ఇష్టం" అని పని మొదలుపెట్టాడు. నేను అన్న మాటలో అబద్ధమేమీ లేదు. పెద్దవాళ్ళు ఒక్కదానికే మొగ్గారు.

వచ్చే శనివారం సంఘం వాళ్ళంతా ల్యాబ్‌కు వస్తారు. ఆ రోజు లెక్క వాళ్ళ కళ్ళముందు నడిపించి చూపించాలి. తేజ పరీక్ష చేసిన ఒక్క మిషన్ వేగం చూసి, దాన్ని ఎనిమిదితో హెచ్చించి, ఎంతసేపు పడుతుందో సార్ వాళ్ళకు ముందే చెప్పేశారు. ఆ రోజు పెంటయ్య తాతకు తెలుగులో వివరించడం నా పని. 'ప్రవాహం' అనాలా, 'నీళ్ళు' అనాలా అని ఆలోచిస్తున్నాను.

మాటలు ఏరుకుంటున్న
హర్షిణి

*

తాండూరు,
జూన్ 26, గురువారం.

హర్షిణీ,

'నీళ్ళు' అను. నీళ్ళలో మునిగేవాళ్ళ దగ్గర ప్రవాహం అనకూడదు.

పేరా సంగతి అతనికి చెప్పావని చదివి మనసు తేలికైంది. శనివారం నాటి ముచ్చట పూసగుచ్చినట్టు రాయి. మీ పెద్దమ్మ ఆ రోజు నీ పేరున దీపం పెడతానంటోంది. కంప్యూటర్‌కు కూడా పెట్టమన్నాను.

పెద్దనాయన

*

గోపన్‌పల్లి,
జూన్ 30, సోమవారం.

పెద్దనాయనకు,

పూసగుచ్చినట్టు రాయమన్నారు. దారం తెగింది.

శనివారం సంఘం వాళ్ళు వచ్చారు. ల్యాబ్‌లో కుర్చీలు వేశాం. గోడ మీద కాలనీ పటం, దాని మీద నీలం రంగులో నీళ్ళు. మొదట బాగానే కదిలాయి. భూలక్ష్మి అత్తమ్మ అని ఒకామె, తన ఇల్లు గుర్తుపట్టి, "అగో గదే మా గేటు" అని లేచి నిలబడింది. తర్వాత నీళ్ళు ఆమె గల్లీ మొదట్లో ఆగిపోయాయి. ఆగిపోలేదు, చీమ నడిచినట్టు నడిచాయి. సార్ చెప్పిన సమయం దాటిపోయింది. చాయ్ వచ్చింది, తాగడం అయిపోయింది. నీళ్ళు గేటు దాకా రాలేదు.

"మా గల్లీల నీళ్ళు జోరుగ వస్తయి బిడ్డా, నీ మిషన్ల మాత్రం నడుస్తలెవ్వు" అన్నాడు పెంటయ్య తాత. ఎగతాళిగా అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. వెళ్ళేటప్పుడు భూలక్ష్మి అత్తమ్మ నా భుజం తట్టి, "ఫికర్ జెయ్యకు, మేం ఎట్లగు బియ్యం సంచులు మంచం మీదికి ఎత్తి పెట్టుకుంటం గదా" అంది.

సార్ అందరి ముందే తేజను అడిగారు. "నువ్వు చూపించిన వేగం ఏదయ్యా? ఎక్కడో తప్పుగా బిగించి ఉంటావు."

"చూస్తానండి" అన్నాడు తేజ. మిషన్లన్నీ విప్పాడు, బిగించాడు. మళ్ళీ విప్పాడు. ఏమీ మారలేదు.

సార్ ఈ పని అతని చేతిలోంచి తీసేశారు. హైటెక్ సిటీలో ఒక కంపెనీ వాళ్ళకు తేజ గురించి చెప్పి శిక్షణలో చేర్పిస్తానని మాటిచ్చారు ఇదివరకు. ఇప్పుడు వచ్చే నెలాఖరుకు పేర్లు పంపేటప్పుడు అతని పేరు పంపనని చెప్పేశారు. తేజ ఇవాళ్టి నుంచి ల్యాబ్‌కు రావడం లేదు.

నాకు చాలా సిగ్గుగా ఉంది. ఇంతకంటే రాయలేను.

హర్షిణి

*

తాండూరు,
జూలై 4, శుక్రవారం.

బిడ్డా,

నీ ఉత్తరం చదివి మీ పెద్దమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. నువ్వెందుకు సిగ్గుపడాలి? నీ మాట నువ్వు చక్కగా చెప్పావు. పెద్దలు మెచ్చారు, కొన్నారు. చేతి పని చేసేవాడు చెయ్యి జారితే మాట చెప్పినవాళ్ళు తల దించుకోవాలా? పైగా పని మధ్యలో వదిలేసి రావడం మానేశాడంటున్నావు. ఇలాంటివాళ్ళను బడిలో చాలామందిని చూశాను. తెలివి ఉంటుంది, నిలకడ ఉండదు. అతని పరీక్ష సంగతి నీ రాతలోంచి తీసేసి మంచిపని చేశానని ఇప్పుడు ఇంకా గట్టిగా అనిపిస్తోంది.

ఊరుకోలేక అతనికి ఒక కార్డు రాశాను, మీ కాలేజీ చిరునామాకు. కటువుగా ఏమీ రాయలేదు. "చేతికి ఇచ్చిన పని చెయ్యి మెచ్చేలా చెయ్యాలి. ఒక ఆడపిల్ల నిజాయితీగా రాసిన మాట నీ అశ్రద్ధ వల్ల నలుగురిలో తల దించుకుంది. ఇంకా చిన్నవాడివి, దిద్దుకో" అని మాత్రం రాశాను. పంతులు రాసిన కార్డు ఎవరికైనా మేలే చేస్తుంది.

వానలో తడవకు. నీకు జలుబు చేస్తే అక్షరాలు కూడా తుమ్ముతాయి.

నీ తరఫున నిలబడ్డ
పెద్దనాయన

*

గోపన్‌పల్లి,
జూలై 9, బుధవారం.

పెద్దనాయనకు,

మీ ఉత్తరం నిన్న అందింది. చదవడం పూర్తి కాకుండానే కాలేజీ ఆఫీసుకు పరుగెత్తాను, కార్డు ఇంకా అక్కడే ఉంటుందేమోనని. టపా చూసే ఈశ్వరయ్యను అడిగితే, "గా కార్డా? గా పిలగాడు పొద్దుగాలనే తీస్కపోయిండు. మస్తు ఖుషీ అయిండు, నాకు గూడ ఉత్తరమొచ్చిందా అని" అన్నాడు.

తేజ క్యాంటీన్ బయట రాతి బల్ల మీద ఉన్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. కార్డు పుస్తకంలోంచి తీసి చూపించాడు, మడత పడకుండా పెట్టుకున్నాడు.

"మీ పెద్దనాన్నగారి చేతిరాత ఎంత బాగుందో చూడు. నాకు జీవితంలో వచ్చిన మొదటి పోస్టుకార్డు ఇది" అన్నాడు.

నేను కార్డు మళ్ళీ అతని పుస్తకంలో పెట్టాను.

"ఆయన రాసింది నిజమే అయ్యుంటుంది, హర్షిణీ. ఎక్కడో నేనే తప్పు చేసుంటాను. రెండు పట్టీల మీద పరీక్ష చేసి, ఒక్క పట్టీకి కూడా అదే వేగం వస్తుందని సార్ అనుకుంటుంటే నేను గట్టిగా చెప్పలేదు. నీ నోట్‌లో నా పేరా ఉంది కదా, చదివే ఉంటారులే అనుకున్నాను."

అప్పుడు కూడా నేను చెప్పలేదు. వాన వస్తోంది, వెళ్తాను అన్నాను. వాన రావడం లేదు.

అందుకని మీకు చెప్తున్నాను. తేజ ఏ తప్పూ చెయ్యలేదు. మెమరీలోంచి సరుకు కంప్యూటర్ మెదడుకు చేరడానికి ఈ మిషన్లలో రెండు దారులున్నాయి. రెండు పట్టీలు ఉంటేనే రెండు దారులూ నడుస్తాయి. ఒక్కటే ఉంటే ఒక దారి మూసుకుపోయినట్టే. మిగతా పనులకైతే తేడా పెద్దగా తెలియకపోవచ్చు. మాది నీళ్ళ లెక్క. పటంలో ప్రతి చిన్న గడిలో ఉన్న అంకెను మళ్ళీ మళ్ళీ తీయాలి, మార్చాలి, తిరిగి పెట్టాలి. ఆలోచన తక్కువ, మోత ఎక్కువ. బంతిలో అందరూ చేతులు కడుక్కుని కూర్చున్నా, వడ్డించేవాడు ఒక్కడే అయితే ఎలా ఉంటుందో అలా ఉంది. తేజ దీన్నే చేసి చూశాడు. నేను నాలుగు గరుకు వాక్యాల్లో రాశాను. మీరు కొట్టేశారు.

నేను గది ఎంత పెద్దదో రాశాను, పెద్దనాయనా. ఎన్ని తలుపులో రాయలేదు. చుట్టం గది వాక్యం దొరికాక నాకు తలుపులు గుర్తుకు రాలేదు.

మీరు కొట్టకుండా ఉంటే ఇంత జరిగేది కాదని నిన్నంతా మీ మీద కోపంగా ఉన్నాను. ఇది దాచకుండా రాస్తున్నాను. కానీ మీకు మిషన్ సంగతి తెలియదు, నాకు తెలుసు. తెలిసీ మీ ఎర్రగీత చూసి సంబరపడ్డాను, ఎందుకంటే ఆ పేరా నాకూ నచ్చలేదు. అందులో నా మాటలు లేవు, అన్నీ తేజ అంకెలే. తర్వాత అతను అడిగినప్పుడు "పెద్దవాళ్ళు మొగ్గారు" అన్నాను. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాని అబద్ధం అది. మీరు నేర్పిన జాగ్రత్తంతా అందులో పెట్టాను. మీకు రాసిన ఉత్తరంలో కూడా "రావడం లేదు" అని రాశాను. "రావద్దన్నారు" అని రాయలేదు.

దయచేసి అతనికి ఇంకో కార్డు రాయకండి.

సంతకం పెట్టడానికి కూడా చెయ్యి రాని
హర్షిణి

*

తాండూరు,
జూలై 13, ఆదివారం.

హర్షిణీ,

ఈ ఉత్తరం మూడోసారి రాస్తున్నాను. మొదటి రెండూ బాగున్నాయి, అందుకే చింపేశాను.

నీ కాగితం మీద ఎర్రసిరా పెట్టలేదు. పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేశాను.

ఆ పేరా నాకు అర్థం కాలేదు. అదీ నిజం. అర్థం కానిదాన్ని అందంగా లేదనుకుని కొట్టేశాను. బడిలో ఎంతమంది పిల్లల కాపీల్లో ఇలా కొట్టేశానో అని రెండు రోజులుగా కూర్చుని ఆలోచిస్తున్నాను. పలక మీద ఏమీ రాయబుద్ధి కావడం లేదు. మీ పెద్దమ్మ మొదట నేను అలిగాననుకుంది. తర్వాత నీ ఉత్తరం చదివి, "మనం గా పిలగాన్ని తిట్టినం, గాడు మన కార్డు దాచుకున్నడు" అంది. ఆ మాట నాకు ఇంకా దిగడం లేదు. ఆ అబ్బాయి నా చేతిరాత బాగుందన్నాడు చూడు, అది మరీ దిగడం లేదు.

నువ్వు నా వెనక దాక్కోలేదు. అందుకు సంతోషించాను, అయినా అలా సంతోషించే హక్కు నాకు ఉందో లేదో తెలియదు. నేనూ నీ వెనక దాక్కోను. ఇంకో కార్డు రాసి మొదటి కార్డును తుడవలేను. కార్డు పలక కాదు. అందుకని నేనే వస్తాను. వచ్చే శుక్రవారం పొద్దున రైలుకు లింగంపల్లిలో దిగుతాను. మీ పెద్దమ్మ కూడా వస్తానంది. ఆ అబ్బాయి ముందు నిలబడి ఏం రాయాలో ఇంకా తోచలేదు. తోచకపోతే ఊరికే నిలబడతాను. ఎటూ మాట్లాడలేను కదా, ఆ వీలు ఒకటి ఉంది.

కానీ నేను రాకముందే నువ్వు అతనికి చెప్పెయ్యాలి. నా రైలు కోసం ఆగితే అది కూడా దాక్కోవడమే.

నేను దిద్దిన ఆ కాగితం నీ దగ్గర ఉందన్నావు. చింపకు.

పెద్దనాయన

*

గోపన్‌పల్లి,
జూలై 17, గురువారం.

పెద్దనాయనకు,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. రేపు పొద్దున స్టేషన్‌లో మీ చేతికే ఇస్తాను. మీ ముందు నోటితో చెప్పబోతే నేను మళ్ళీ మాటలను సర్దుతాను. కాగితం మీదైతే మీరు పట్టుకుంటారు.

మీ ఉత్తరం మంగళవారం అందింది. ఆ సాయంత్రమే కొత్తగూడ వెళ్ళాను. ఫ్లైఓవర్ పక్క సందులో తేజ వాళ్ళ అపార్ట్‌మెంట్. పైకి రమ్మన్నాడు, వెళ్ళలేదు. గేటు దగ్గరే మీ ఎర్రసిరా కాగితం అతని చేతిలో పెట్టాను. అతను కొట్టేసిన పేరా చదివాడు, గీతల కింద అక్షరాలు బాగానే కనిపిస్తాయి. "ఇది వాళ్ళకు చదివి వినిపించలేదు. నేను తీసేశాను. నువ్వు అడిగినప్పుడు కూడా చెప్పలేదు" అన్నాను. దారంతా కూర్చుకున్న మిగతా వాక్యాలేవీ రాలేదు. మంచిదే అయింది.

అతను ఆ పేరా మళ్ళీ మొదటి నుంచి చదివాడు. వాచ్‌మన్ మోటారు ఆపడానికి వెళ్ళి తిరిగొచ్చాడు.

"నీకు నచ్చకపోతే నాకు చెప్పుంటే సరిపోయేది కదా" అన్నాడు. "అన్నీ మూడుసార్లు విప్పాను, హర్షిణీ. రెండోసారి దాకా మిషన్ మీద అనుమానం. మూడోసారికి నా చేతుల మీదే నమ్మకం పోయింది. ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ బాగుచెయ్యమంటే కూడా చెయ్యనన్నాను."

తర్వాత కాగితం నాకిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టే మనిషి కాడు.

నిన్న ఫోన్‌లో అతని దగ్గర్నుంచి ఒక సందేశం వచ్చింది. పలకరింపు లేదు. "కొత్తవి కొనమని వాళ్ళను అడగొద్దు. నాలుగు మిషన్లలో పట్టీలు తీసి మిగతా నాలుగింటిలో వేస్తే ఒక్కోదానికి రెండు అవుతాయి. ఖాళీ అయిన నాలుగూ పక్కన పెట్టేద్దాం. పటాన్ని నాలుగు ముక్కలే చేద్దాం" అని. అది చదివి కూర్చుండిపోయాను. దారులు మొత్తం మీద అన్నే ఉంటాయి, ఒకరికోసం ఒకరు ఎదురుచూసేవాళ్ళు తగ్గుతారు. నాలుగే మిషన్లు ఎనిమిదింటికంటే ముందు చెయ్యి కడుక్కోవచ్చు. నేను రేపటి చుట్టానికి అని ఉంచిన ఆ ఖాళీ గాడిలోనే తప్పు దిద్దుకోవడం కుదురుతోంది. దీన్ని అందమైన వాక్యంగా రాయాలని చెయ్యి లాగుతోంది. రాయను.

పని చేస్తుందో లేదో తెలియదు. ఇంకా చేసి చూడలేదు. చూశాకే పెద్దలను పిలుద్దామా అని అడిగాను. "వద్దు. వాళ్ళ ముందే విప్పుదాం, ఏమవుతుందో వాళ్ళే చూస్తారు" అన్నాడు. నువ్వొస్తావా అన్నాను. "వస్తాను. నీ కోసం కాదు, ఆ మిషన్ల కోసం" అన్నాడు. సరే అన్నాను. అంతకు మించి అడిగే ముఖం లేదు నాకు.

ఇవాళ సార్ గదికి వెళ్ళి, రేపు సంఘం వాళ్ళను ల్యాబ్‌కు పిలిపించండి, వాళ్ళ ముందు ఒక పేరా చదవాలి అన్నాను. "ఏమిటమ్మా, మళ్ళీ కొత్తగా ఏం రాశావు?" అని నవ్వారు. కొత్తది కాదండీ, మొదట రాసిందే, నేను తీసేసింది అన్నాను. అప్పుడు నవ్వు ఆపి కాగితం అడిగారు. ఇచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అయితే ఆ అబ్బాయిని అందరిలో అన్నది నేనా" అన్నారు, నాతో కాదు. తేజ పేరు కంపెనీకి పంపుతారా అని అడిగాను. "ముందు రేపు కానివ్వమ్మా. నేను కూడా అందరిలోనే చెప్పాలి కదా" అన్నారు. పేర్లు పంపే గడువు ఇంకా దాటలేదు.

రేపు పొద్దున ఇలా అనుకున్నాను. లింగంపల్లి స్టేషన్‌కు వచ్చి మీ ఇద్దరి కోసం నిలబడతాను. మీరు ఇది బెంచీ మీద కూర్చుని చదవండి, నేను పెద్దమ్మకు చాయ్ తెస్తాను. అక్కడి నుంచి ఆటోలో కాలేజీకి. పెంటయ్య తాత, భూలక్ష్మి అత్తమ్మ అప్పటికి వచ్చి ఉంటారు. ఎవరూ ఏ మూతా విప్పకముందే నేను లేచి మీ ఎర్రగీత ఉన్న కాగితమే చదువుతాను, "అయితే తేజ ఒక మిషన్‌లో రెండు పట్టీలు వేసి చూడగా" నుంచి చివరిదాకా. గరుకుగా ఉన్నది గరుకుగానే చదువుతాను. ఎవరు తీసేశారని పెంటయ్య తాత అడిగితే, నేనే అని చెప్తాను. మీరు పలక ఎత్తకండి, అది నా వంతు. మీ వంతు తేజ దగ్గర ఉంది.

ఆ తర్వాత అతను చెయ్యి చాపుతాడు, నేను స్క్రూడ్రైవర్ అందిస్తాను.

హర్షిణి